చదవడమే మరమ్మతు

కంప్యూటర్ మొరాయిస్తే మన దగ్గర అందరికీ తెలిసిన మందు ఒకటుంది: ఫార్మాట్ కొట్టించడం. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కి అసెంబుల్డ్ సిస్టమ్ కట్టించుకున్న ఎవరికైనా ఈ మాట పరిచయమే. క్యాబినెట్ ఎత్తుకుని షాపుకి వెళ్తాం. అక్కడి కుర్రాడు ఒకసారి ఆన్ చేసి చూసి, "ఓఎస్ పోయింది సార్, మళ్లీ ఎక్కించేద్దాం" అంటాడు. గంటలో కంప్యూటర్ నడుస్తుంది. ఏం చెడిందో అతనికీ తెలీదు, మనకీ తెలీదు. విండోస్ ఉన్న మిషన్‌కి చాలాసార్లు ఈ వైద్యం సరిపోతుంది కూడా. ఎందుకంటే ఆ మదర్‌బోర్డు తయారుచేసినవాళ్లు దాన్ని విండోస్ మీద నడిపి చూశాకే డబ్బాలో పెడతారు.

నా మిషన్‌కి ఈ వైద్యం పనిచేయదు. విడిభాగాలు కొని నేనే బిగించుకున్నాను: ఇంటెల్ ఐ7-10700 ప్రాసెసర్, జెడ్490 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు, ఏఎండీ ఆర్‌ఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డు. దాని మీద నడిచేది మాత్రం ఆపిల్ వాళ్ల మ్యాక్‌ఓఎస్, వెంచురా. ఇలాంటి కంప్యూటర్లని హ్యాకిన్‌టాష్ అంటారు. పాటలు రికార్డు చేసుకునే లాజిక్ ప్రో విండోస్ మీద నడవదు. దానికోసమే ఈ పనికి పూనుకున్నాను. కానీ నా మదర్‌బోర్డుని మ్యాక్‌ఓఎస్ ఎన్నడూ చూసి ఎరగదు. వందసార్లు తుడిచి మళ్లీ ఎక్కించినా ఆ పరిచయం కలగదు. జబ్బు డిస్కులో ఉంటే కదా ఫార్మాట్‌తో పోవడానికి!

ఒకరినొకరు ఎరగని ఈ ఇద్దరికీ మధ్య మాట కుదిర్చే సాఫ్ట్‌వేర్ పేరు ఓపెన్‌కోర్. కంప్యూటర్ ఆన్ చేశాక ఆపరేటింగ్ సిస్టమ్ లేచేలోపు పనిచేసే బూట్‌లోడర్ అది. కొన్ని నెలలపాటు రాత్రిళ్లు దానితో గడిపాను. మిషన్ మొరాయించిన ప్రతిసారీ దాని లోపలి పని ఇంకొంచెం కనబడింది. సాఫ్ట్‌వేర్‌లో ఇంత నికార్సైన పనితనం నేను తక్కువగా చూశాను. ఆ పనితనాన్ని పాఠకులకి పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పాత దారులు, కొత్త దారి

2005 జూన్ 6న స్టీవ్ జాబ్స్ మ్యాక్ కంప్యూటర్లని ఇంటెల్ ప్రాసెసర్లకి మారుస్తున్నామని ప్రకటించారు. అప్పటి మ్యాక్‌లలో ఉండేది పవర్‌పీసీ ప్రాసెసర్, మామూలు పీసీకి దానికి పొంతన లేదు. 2006 జనవరిలో మొదటి ఇంటెల్ మ్యాక్‌లు వచ్చేసరికి లోపలి భాగాల్లో తేడా బాగా తగ్గిపోయింది. అవే ప్రాసెసర్లు, దాదాపు అవే చిప్‌సెట్లు. మన పీసీ మీద కూడా మ్యాక్ సిస్టమ్ నడవాలి కదా అన్న ఆలోచన అక్కడ పుట్టింది.

తొలి రోజుల పద్ధతి మోటుగా ఉండేది. ఆపిల్ సిస్టమ్‌ని విప్పి, దాని గుండెకాయ లాంటి కెర్నెల్‌ని మార్చి, అడ్డొచ్చిన ఫైళ్లు తీసేసి, వేరేవి అతికించి, ఆ మొత్తాన్ని ఒక డీవీడీగా చేసేవాళ్లు. నడిచినన్నాళ్లు నడిచేది. ఆపిల్ నుంచి ఒక అప్‌డేట్ వస్తే అతుకులన్నీ ఊడిపోయేవి. తర్వాత కమీలియన్, క్లోవర్ అనే బూట్‌లోడర్లు వచ్చి ఈ మార్పుల్లో చాలావాటిని సిస్టమ్ బయటికి తెచ్చాయి. 2019లో అసిడాంథెరా అనే స్వచ్ఛంద ప్రోగ్రామర్ల బృందం ఓపెన్‌కోర్‌ని బయటపెట్టింది. అసిడాంథెరా అన్నది తూర్పు ఆఫ్రికాలో పూసే ఒక తెల్లటి పువ్వు పాత శాస్త్రీయ నామం. ఆ బృందం ఓపెన్‌కోర్‌ని ఉచితంగా ఇచ్చింది, సోర్స్ కోడ్‌తో సహా.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మ్యాక్‌ఓఎస్‌ని ఆపిల్ ముద్ర ఉన్న కంప్యూటర్ల మీదే వాడాలని ఆపిల్ లైసెన్సు చెబుతుంది. అమెరికాలో సైస్టార్ అనే కంపెనీ 2008 నుంచి ఇలాంటి మిషన్లు తయారుచేసి అమ్మితే ఆపిల్ కోర్టుకెళ్లింది, 2009లో గెలిచింది. ఇంట్లో నేర్చుకోవడానికి చేసుకున్న మిషన్ కూడా ఆ లైసెన్సు ఇచ్చిన అనుమతికి బయటే ఉంటుంది. పాడైతే రిపేరు చేయమని అడగడానికి ఏ కంపెనీ గుమ్మమూ ఎక్కలేం. ఈ సంగతి తెలిసే ఎవరైనా మొదలుపెట్టాలి.

సిస్టమ్‌ని ముట్టుకోని వైద్యం

ఓపెన్‌కోర్ పనితనంలో మొదట మెచ్చుకోవలసింది దాని నిగ్రహం. డిస్కు మీద ఉన్న మ్యాక్‌ఓఎస్‌ని అది ముట్టుకోదు. 2020లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ బిగ్ సర్ నుంచి ఆపిల్ తన సిస్టమ్ భాగానికి డిజిటల్ సీలు వేస్తోంది. లోపల ఒక్క అక్షరం మారినా ఆ సీలు చెల్లదు. నా మిషన్‌లో ఆ సీలు చెక్కు చెదరలేదు. అసలు మ్యాక్‌కి అప్‌డేట్ ఎలా వస్తుందో నా మిషన్‌కీ అలాగే వస్తుంది.

మరి మార్పులు ఎక్కడ జరుగుతాయి? డిస్కు మొదట్లో ఈఎఫ్‌ఐ అనే చిన్న పార్టిషన్ ఉంటుంది. ఓపెన్‌కోర్ మొత్తం అందులోనే ఇమిడిపోతుంది. అందులో ఉండేవి ముఖ్యంగా మూడు రకాలు. మదర్‌బోర్డు తన గురించి తాను చెప్పుకునే వివరాలకి చేసే చిన్న సవరణలు, కెర్నెల్‌కి తోడుగా మెమరీలోకి ఎక్కే కెక్స్‌ట్‌లు, వీటన్నిటినీ నడిపించే కాన్ఫిగ్ అనే ఒకే ఒక్క ఫైలు. కెక్స్‌ట్‌లలో లీలూ అన్నది మిగతావాటికి పీట లాంటిది. దాని మీద కూర్చుని వాట్‌ఎవర్‌గ్రీన్ గ్రాఫిక్స్ సంగతి చూసుకుంటుంది, ఆపిల్‌ఏఎల్‌సీ సౌండ్ సంగతి చూసుకుంటుంది. ఇంటెల్ మ్యాక్‌లలో ఉండే ఎస్‌ఎంసీ పీసీలో ఉండదు కాబట్టి దాని బదులు వర్చువల్‌ఎస్‌ఎంసీ జవాబులిస్తుంది. ఇవన్నీ మెమరీలోనే జరుగుతాయి. కంప్యూటర్ ఆపేస్తే సిస్టమ్‌లో ఏ మార్పూ మిగలదు.

ఈ ఏర్పాటు వల్ల మరమ్మతు చేసేవాడికి గొప్ప మేలు జరిగింది. తప్పు ఎక్కడుందో వెతకాల్సిన చోటు ఒక చిన్న ఫోల్డర్‌కి కుదించుకుపోయింది. బాగా నడుస్తున్న ఈఎఫ్‌ఐ ఫోల్డర్‌ని ఒక పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి పెట్టుకుంటే చాలు. ప్రయోగం బెడిసికొట్టినప్పుడు ఆ పెన్‌డ్రైవ్ పెట్టి లేపుకోవచ్చు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకునే అవసరం ఇక్కడ లేదు.

గడియారం కథ

ఓపెన్‌కోర్‌తో కలిసి పెరిగిన పద్ధతుల్లో నాకు బాగా నచ్చినది గడియారానికి సంబంధించింది.

ప్రతి మదర్‌బోర్డులో ఏసీపీఐ పట్టికలు ఉంటాయి. నా దగ్గర ఏ పరికరాలున్నాయి, వాటిని ఎలా నిద్రపుచ్చాలి, ఎలా లేపాలి అని మదర్‌బోర్డు ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఇచ్చే స్వీయ పరిచయం అది. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996లో ఈ ప్రమాణాన్ని తెచ్చాయి. ఇంటెల్ 300 సిరీస్ చిప్‌సెట్ల నుంచి చాలా బోర్డుల్లో పాత ఆర్‌టీసీ గడియారం స్థానంలో ఆవాక్ అనే కొత్త గడియారం వచ్చింది. విండోస్‌కి దానితో పేచీ లేదు. మ్యాక్‌ఓఎస్‌కి మాత్రం పాత గడియారమే కావాలి. అది కనబడకపోతే బూట్ తొలి దశలోనే, పీసీఐ పరికరాల అమరిక మొదలయ్యే చోట, కదలకుండా నిలబడిపోతుంది. నాకు ఎదురైన మొదటి గోడ ఇదే.

పాత గడియారాన్ని పోలిన నకిలీ గడియారం ఒకటి సృష్టించి పెట్టడం తేలికగా తోచే దారి. అలా చేసే సవరణ కూడా ఉంది, అది తప్పనిసరైన బోర్డుల కోసం. కానీ నా బోర్డు పట్టికని మనిషి చదువుకోగలిగే రూపంలోకి విప్పి చూస్తే వేరే సంగతి బయటపడింది. పాత గడియారం అక్కడే ఉంది, నిద్రలో ఉంది. ఎస్‌టీఏఎస్ అనే ఒక గుర్తు విలువ ఒకటైతే పాత గడియారం పనిచేస్తుంది, సున్నా అయితే కొత్తది. తయారీదారు దాన్ని సున్నా చేసి పెట్టాడు.

దీనికి వాడే సవరణ ఫైలులో అసలు సంగతి నాలుగైదు లైన్లు. అది చెప్పేది ఇంతే: ఇప్పుడు లేస్తున్న సిస్టమ్ తన పేరు డార్విన్ అని చెప్పుకుంటే ఎస్‌టీఏఎస్ విలువని ఒకటి చెయ్యి. మ్యాక్‌ఓఎస్‌కి పునాదిగా ఉన్న వ్యవస్థ పేరు డార్విన్. ఆ ఒక్క షరతు ఎందుకు పెట్టారో గమనించాలి. ఓపెన్‌కోర్ ద్వారా విండోస్‌ని లేపినా ఈ సవరణలు దానికీ వర్తిస్తాయి. షరతు ఉండబట్టి విండోస్‌కి తన గడియారం తనకి ఉంటుంది, మ్యాక్‌ఓఎస్‌కి కావలసింది దానికి దొరుకుతుంది. కొత్త వస్తువు చేర్చలేదు, ఉన్నదాన్ని తీసేయలేదు. ఇంట్లోనే ఉన్న స్విచ్‌ని ఎవరికి కావాలో వాళ్లకి మాత్రమే వేశారు. కంసాలి తీగె అతికిన చోటు కనబడనివ్వడు. ఈ నాలుగు లైన్లు చూసినప్పుడు నాకు ఆ నేర్పు గుర్తొచ్చింది.

చివరి లైన్ చెప్పేది

మామూలుగా ఆపిల్ లోగో, కింద నెమ్మదిగా నిండే గీత తప్ప బూట్ అయ్యేటప్పుడు మనకి ఏమీ కనబడదు. ఆగిపోతే ఎందుకు ఆగిందో తెలీదు. ఓపెన్‌కోర్‌తో పనిచేసేవాళ్లు ముందుగా ఆ లోగో తెరని తొలగిస్తారు. వెర్బోస్ అనే మోడ్ పెడితే జరుగుతున్న ప్రతి పనీ తెల్లటి అక్షరాలతో నల్లటి తెర మీద పడుతుంది. కెర్నెల్ కుప్పకూలితే వెంటనే రీస్టార్ట్ కాకుండా, ఆ కూలిన చోటనే తెరని ఆపి ఉంచే ఏర్పాటు ఇంకొకటి. కూలినప్పుడు ఏ కెక్స్‌ట్‌లో ఏ పని జరుగుతోందో అంకెల బదులు పేర్లతో చూపించేది మరొకటి. వీటికి తోడు ఓపెన్‌కోర్ ప్రతి వెర్షన్‌నీ రెండు రూపాల్లో ఇస్తారు. రోజువారీ వాడకానికి రిలీజ్, రోగం వెతకడానికి డీబగ్. డీబగ్ రూపం తాను చేసిన ప్రతి పనినీ తేదీ వేసి ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోనే ఒక ఫైలుగా రాసిపెడుతుంది.

గడియారం గోడ దాటాక నా మిషన్ ఇంకోచోట ఆగింది. తెర మీద ఆఖరి లైన్‌లో "ఎగ్జిట్ బీఎస్ స్టార్ట్" అన్న మాటలున్నాయి. చూడగానే భయం వేస్తుంది గానీ, ఇది చాలా సమాచారం ఉన్న లైన్. మదర్‌బోర్డులోనే ఉండే తొలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్ తన బాధ్యతలు ముగించుకుని మెమరీని కెర్నెల్ చేతికి అప్పగించే ఘట్టం పేరు అది. పదవిలో ఉన్నాయన తాళాలు అప్పజెప్పాడు, వచ్చినాయన అందుకోలేదు. కాబట్టి గ్రాఫిక్స్ కార్డునో డిస్కునో అనుమానించి లాభం లేదు, వాటి వంతు ఇంకా రాలేదు. మెమరీ ఎవరిది, ఎక్కడ ఏముంది అన్న లెక్కలో తేడా ఉంది.

కాన్ఫిగ్ ఫైలులో బూటర్ అనే భాగం సరిగ్గా ఈ లెక్క కోసమే ఉంది. మెమరీ పటాన్ని మ్యాక్‌కి అర్థమయ్యేలా తిరగరాసేది ఒకటి, పరికరాలు ఆక్రమించిన మెమరీని వదిలించేది ఒకటి, ఫర్మ్‌వేర్ సేవల చిరునామాలని ముందుగా సర్దేది ఒకటి, ఇలా దేనికది వేరు వేరు స్విచ్‌లు. అన్నీ కలిపి ఒక్క మీట పెట్టి, అది నొక్కితే చాలు అనేలా చేయొచ్చు కదా అని మొదట నాకూ అనిపించింది. అలా చేసి ఉంటే నా మిషన్ ఎప్పటికీ లేచేది కాదు. ఎందుకంటే చిరునామాలు ముందుగా సర్దే స్విచ్ పాత ఫర్మ్‌వేర్‌లకి మేలు చేస్తుంది, కొందరు తయారీదారుల జెడ్490 బోర్డుల్లో అదే అడ్డుపడుతుంది. పై రెండూ వేసి, అదొక్కటి ఆపాలి. ఆపాను. మిషన్ ఆ గడప దాటింది.

ఈ పనిలో పాటించాల్సిన క్రమశిక్షణ కూడా అక్కడే నేర్చుకున్నాను. ఒకసారికి ఒక మార్పే చేయాలి. ఏం మార్చామో కాగితం మీద రాసుకోవాలి. రెండు స్విచ్‌లు ఒకేసారి మారిస్తే, బాగైనా ఎందుకు బాగైందో తెలియదు.

ఓపెన్‌కోర్‌తో వచ్చే మాన్యువల్ ఈ క్రమశిక్షణకి తగ్గట్టే ఉంటుంది. కాన్ఫిగ్ ఫైలులోని ప్రతి అంశానికీ దాని రకం, ఏమీ పెట్టకపోతే ఏం వర్తిస్తుందో ఆ విలువ, అది చేసే పని రాసి ఉంటాయి. కొన్ని చోట్ల, ఈ స్విచ్ ఎందుకు అవసరమైందో, ఏ పరిస్థితిలో వాడకూడదో కూడా ఉంటుంది. నమూనా కాన్ఫిగ్ ఫైలు తెరిస్తే మొట్టమొదట కనిపించేవి హెచ్చరికలు. దీన్ని ఉన్నది ఉన్నట్టుగా వాడొద్దు, ప్రతి అంశం అర్థమయ్యాకే బూట్ చెయ్యి అని వాటి సారాంశం. రాసిన కాన్ఫిగ్‌లో పొరపాట్లుంటే ఏ అంశంలో ఉన్నాయో చూపించి చెప్పే పరీక్షకుడిని కూడా దానితో జతచేసి ఇస్తారు. వాడేవాడికి తెలివి ఉందని నమ్మి, ఆ తెలివికి కావలసిన మేత అంతా సమకూర్చిన రచయితల పని ఇది.

పదిహేను దారులు

మిషన్ లేచింది, డెస్క్‌టాప్ వచ్చింది. అయినా కథ అయిపోలేదు. వెనక వైపు యూఎస్‌బీ పోర్టుల్లో కొన్ని చచ్చుబడి ఉన్నాయి, బ్లూటూత్ ఒక రోజు వస్తే ఒక రోజు రాదు. పోర్టు పోయిందనుకుని బోర్డు మార్చేసేవాళ్లు ఉంటారు. బోర్డులో ఏ లోపమూ లేదు.

మ్యాక్‌ఓఎస్ ఒక యూఎస్‌బీ కంట్రోలర్‌కి 15 పోర్టులకి మించి గుర్తించదు. పోర్టు అంకె రాయడానికి అది నాలుగు బిట్లే కేటాయించింది. నాలుగు బిట్లలో ఇమిడే అతి పెద్ద అంకె 15. ఆపిల్ తన మ్యాక్‌లకి ఎన్ని పోర్టులు పెట్టాలో తానే నిర్ణయించుకుంటుంది కాబట్టి ఆ హద్దుతో దానికి ఇబ్బంది లేదు. నా బోర్డు చిప్‌సెట్ మాత్రం 20కి పైగా పోర్టుల పేర్లు చెబుతుంది. పైగా నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టు చూడటానికి ఒకటే గానీ లోపల రెండు. పాత వేగానికి ఒక దారి, కొత్త వేగానికి ఒక దారి. మ్యాక్‌ఓఎస్ వరసలో మొదటి 15 తీసుకుని తలుపు వేసేస్తుంది. బయట మిగిలిపోయినవే చచ్చినట్టు కనిపించే పోర్టులు.

ఒకప్పుడు ఆ 15 హద్దునే చెరిపేసే ప్యాచ్ వాడేవాళ్లు. మెమరీలో దానికి కేటాయించని చోట అంకెలు రాయడం మంచిది కాదని అసిడాంథెరా వాళ్లు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు. మ్యాక్‌ఓఎస్ 11.3 నుంచి అది పనిచేయడం కూడా మానేసింది. సరైన పద్ధతి హద్దుని గౌరవించి, ఏ 15 కావాలో మనమే ఎంచుకోవడం.

ఆ పనికి ఒక ఆదివారం పట్టింది. ఒక పాత పెన్‌డ్రైవ్, ఒక యూఎస్‌బీ 3 పెన్‌డ్రైవ్ తీసుకుని, క్యాబినెట్ ముందూ వెనకా ఉన్న ప్రతి పోర్టులోనూ రెండూ పెట్టి చూశాను. ఏ పోర్టులో పెడితే ఏ పేరు వెలిగిందో కాగితం మీద బొమ్మ గీసి రాసుకున్నాను. ఆరు నీలం పోర్టులకి 12 దారులు, కీబోర్డు కోసం ఒకటి, లోపలి బ్లూటూత్‌కి ఒకటి, మొత్తం 14. ప్రతిదానికీ అది ఏ రకమో చెప్పాలి. మామూలు యూఎస్‌బీ 2కి 0, యూఎస్‌బీ 3కి 3, బయటికి కనబడకుండా లోపలే ఉండే వాటికి 255. ఈ 255 చిన్న సంగతిలా ఉంటుంది కానీ, బ్లూటూత్ నిలకడ దాని మీదే ఆధారపడింది. అది లోపలిదని తెలిస్తేనే నిద్రపోయేటప్పుడు దాన్ని ఊడబెరికిన పరికరంలా చూడదు.

చివరికి తయారైన కెక్స్‌ట్‌ని తెరిచి చూసి ఆశ్చర్యపోయాను. అందులో ప్రోగ్రామ్ ఒక్క ముక్క లేదు. ఉన్నది ఒక పట్టిక, నేను కాగితం మీద రాసుకున్నదే. అసలు పని చేసేది ఆపిల్ సొంత డ్రైవరు. మనం దానికి అందించింది మన ఇంటి పటం. అసిడాంథెరా పనుల్లోనూ, ఆ దారిలో నడిచిన ఇతరుల పనుల్లోనూ పదేపదే కనిపించే తీరు ఇదే. ఆపిల్ కోడ్ చేయగలిగిన పనిని ఆపిల్ కోడ్‌తోనే చేయిస్తారు.

నిద్ర పట్టని మిషన్

ఆఖరి చిక్కు నిద్ర. స్లీప్ నొక్కితే ఫ్యాన్లు ఆగుతాయి, తెర ఆరిపోతుంది, రెండు మూడు సెకన్లలో మళ్లీ అన్నీ వెలుగుతాయి. చంటిపిల్లని పడుకోబెట్టి చెయ్యి తీయగానే లేచి కూర్చున్నట్టు.

మ్యాక్‌ఓఎస్‌లో పీఎంసెట్ అనే ఆదేశం ఉంది. ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది, ఎవరు లేపారు అన్న చిట్టా అది చూపిస్తుంది. నా చిట్టాలో లేపినవాళ్ల పేర్లు ఎక్స్‌హెచ్‌సీ, జీల్యాన్. మొదటిది యూఎస్‌బీ కంట్రోలర్, రెండోది నెట్‌వర్క్ పోర్టు. మళ్లీ ఏసీపీఐ పట్టికలు తెరిచాను. ఈ రెండు పరికరాలూ మిషన్‌ని మేము ఎంత గాఢ నిద్ర నుంచి లేపొచ్చు అన్న ప్రశ్నకి జీపీఆర్‌డబ్ల్యూ అనే ఒకే పద్ధతి దగ్గర జవాబు తెచ్చుకుంటున్నాయి. రెండూ చెప్పే గుర్తు కూడా ఒకటే. ఆ గుర్తుతో వచ్చినవాళ్లకి లేపే హక్కు లేదని చెప్పగలిగితే సమస్య తీరుతుంది.

దీనికి వాడే సవరణ రెండు అడుగులు. మొదట ఓపెన్‌కోర్ పట్టికలో జీపీఆర్‌డబ్ల్యూ అన్న పేరుని ఎక్స్‌పీఆర్‌డబ్ల్యూ అని మారుస్తుంది. ఏసీపీఐలో ప్రతి పేరూ ఇంగ్లిషులో కచ్చితంగా నాలుగు అక్షరాలే. నాలుగు తీసి నాలుగే పెడుతున్నాం కాబట్టి పట్టిక పొడవు మారదు, లోపలి లెక్కలేవీ చెదరవు. తర్వాత ఖాళీ అయిన పాత పేరుతో ఒక కొత్త పద్ధతిని చేరుస్తుంది. ఆ పద్ధతి వచ్చినవాడి గుర్తు చూస్తుంది. లేస్తున్న సిస్టమ్ డార్విన్ అయి, గుర్తు మన రెండు పరికరాలదే అయితే, లేపే హక్కు సున్నా అని జవాబిస్తుంది. మరే గుర్తుతో ఎవరొచ్చినా, మరే సిస్టమ్ అడిగినా, వాళ్లని నేరుగా పాత పద్ధతి దగ్గరికే పంపిస్తుంది.

ఈ సవరణలో నాకు నచ్చింది ఆ చివరి వాక్యం. తనకి సంబంధం లేని ప్రశ్నలన్నిటినీ తయారీదారు రాసిన అసలు జవాబుకే అప్పగించడం. మరమ్మతు చేసేవాడు తన హద్దు తెలుసుకుని ఆగడం అది. ఆ రాత్రి నా మిషన్ పడుకుంది, తెల్లారేదాకా లేవలేదు. లోపం ఒకటి మిగిలింది: ఇప్పుడు కీబోర్డు తడితే లేవదు, పవర్ బటన్ నొక్కాలి. యూఎస్‌బీకి లేపే హక్కు తీసేశాం కాబట్టి అది ఆ సవరణకి చెల్లించే వెల. నాకు సమ్మతమే.

లోపాలు

ఓపెన్‌కోర్ అందరికీ అందే వస్తువు కాదు. మాన్యువల్ కచ్చితంగా ఉంటుంది గానీ, కొత్తవాడి చెయ్యి పట్టుకుని నడిపించదు. ఆ లోటు తీర్చడానికి డోర్టానియా అనే వేరే బృందం ప్రాసెసర్ తరం వారీగా మార్గదర్శిని రాసింది. అది లేకపోతే నేను మొదటి వారంలోనే వదిలేసేవాణ్ణి. కొన్ని గోడలు ఏ నేర్పుకీ కూలవు. మొజావే అనే మ్యాక్‌ఓఎస్ వెర్షన్ నుంచి ఎన్విడియా కొత్త కార్డులకి డ్రైవర్లు లేవు. ఏఎండీ ప్రాసెసర్ మీద నడపాలంటే కెర్నెల్‌కి మెమరీలో ప్రత్యేక సవరణలు కావాలి. సౌండ్ కోసం నేను కూడా చిప్ పేరు చూసుకుని, ఇతరులు పరీక్షించి ఇచ్చిన లేఅవుట్ అంకెల్ని ఒక్కొక్కటిగా ప్రయత్నించాల్సి వచ్చింది. జీతం కోసం ఆధారపడే కంప్యూటర్‌గా దీన్ని ఎవరికీ చెప్పను.

పైగా ఈ దారికి చివర కనిపిస్తోంది. 2020లో ఆపిల్ తన సొంత ప్రాసెసర్లకి మారడం మొదలుపెట్టింది. ఇంటెల్ మ్యాక్‌లకి మ్యాక్‌ఓఎస్ టాహో 26 ఆఖరి వెర్షన్ అని 2025 జూన్‌లో ప్రకటించింది. ఆ తర్వాతి వెర్షన్లు ఇంటెల్ ప్రాసెసర్ కోసం ఉండవు కాబట్టి నా మిషన్ లాంటివాటికీ అక్కడితో సరి. అయితే ఓపెన్‌కోర్ చేసిన మేలు హ్యాకిన్‌టాష్‌లతో ఆగిపోలేదు. ఆపిల్ వదిలేసిన పాత అసలు మ్యాక్‌ల మీద కొత్త సిస్టమ్ నడిపించే ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్ దీని మీదే నిలబడింది. కంపెనీ దృష్టిలో కాలం తీరిన కంప్యూటర్లు దానివల్ల ఇంకా కొన్నేళ్లు పనిచేస్తున్నాయి.

నా తీర్పు ఇది. ఓపెన్‌కోర్ గొప్పతనం మ్యాక్‌ఓఎస్‌ని పీసీ మీద నడిపించడంలో కంటే, నడవనప్పుడు ఎందుకు నడవలేదో మనిషి చదివి తెలుసుకునేలా తనని తాను కట్టుకోవడంలో ఉంది. గడియారం, మెమరీ, యూఎస్‌బీ, నిద్ర, నాలుగు చోట్లా నాకు మందు దొరికింది ఆఖరి లైన్‌లోనో, మదర్‌బోర్డు తన గురించి రాసుకున్న పట్టికలోనో. జవాబు ప్రతిసారీ ముందే అక్కడ రాసి ఉంది.

మీ ఇంట్లో ఉన్నది విండోస్ అయినా, లైనక్స్ అయినా, ఈసారి కంప్యూటర్ మొరాయిస్తే ఒక్క పని చేయండి. తెర మీద వచ్చిన ఆఖరి లైన్‌ని ఫోన్‌తో ఫొటో తీసి, షాపు కుర్రాడితో ఫార్మాట్ కొట్టించే ముందు ఆ లైన్‌కి అర్థమేమిటో అడగండి. అతనికి తెలియకపోతే ఇద్దరూ కలిసి వెతకండి.